వేడి తగులుతోందా?

"ఏమయ్యా మీసాలూ, ఈ నెగడు మాకు వేశావా, ఆకాశానికి వేశావా?" అంది చివరి బెంచీ మీది ముసలమ్మ.

ఆసుపత్రి వాచ్‌మన్ మీసాలు పళ్లు నూరుకున్నాడు. సాయంత్రం నుంచి ఇది ఏడో మాట.

వార్డుల్లో రోగులకే చోటు లేదు. వాళ్ల తాలూకు మనుషులంతా బయటే, గుంటలో వేసిన నెగడు చుట్టూ. మూడు వైపులా బెంచీలు, నాలుగో వైపు గేటు.

చలంటే అలాంటిలాంటి చలి కాదు. గేటు దగ్గరి కుక్క మొరుగుదామని నోరు తెరిచి, చలి లోపలికి పోతుందని మళ్లీ మూసుకుంది.

మీసాలు ఇంకో రెండు దుంగలు పడేశాడు. మంట మేడంత లేచింది. ముందు బెంచీల వాళ్లు మొహాలు మాడి వెనక్కి జరిగారు. వెనక బెంచీల వాళ్ల పళ్లు మాత్రం టకటకమంటూనే ఉన్నాయి.

అసలు గుబులు వేరే ఉంది. పెద్ద డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు.

"బండెడు కట్టెలు తగలేస్తున్నావు, ఫిర్యాదులు ఆగట్లేదు. రాత్రి ఏడింటికి వచ్చి చూస్తా. జనం ఇంకా వణుకుతుంటే గుంట పూడ్పించేస్తా."

పూడిస్తే ఈ జనం తెల్లారేదాకా ఏమైపోతారో మీసాలుకి తెలుసు. ఆ ముసలమ్మ కూతురు పురిటి గదిలో ఉంది. ఆవిడ కదలమన్నా కదలదు.

సరిగ్గా అప్పుడు దిగాడు ఓ బక్కపలచటి మనిషి. కళ్లు తప్ప మొహమంతా మఫ్లరే.

"తమ్ముడూ, గేటుకి చలేస్తోందా?" అన్నాడు.

"గేటుకి చలేంటి?"

"మరి వేడంతా అటే పోతోందిగా. కొంత గేటుకి, కొంత మబ్బులకి. మనుషులకి మిగిలిందే అందుతోంది."

"నువ్వొక్కడివే తక్కువయ్యావు నాకు. కూర్చుంటే కూర్చో, లేకపోతే పో."

ఆయన కూర్చోలేదు. గోడవార పడున్న పాత బోర్డు ఈడ్చుకొచ్చాడు. మనిషంత ఇనప రేకు, దాని మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలు. గేటు వైపు, మంటకి రెండు మూరల దూరంలో నిలబెట్టి వెనక ఇటుకలు పేర్చాడు. పెద్ద దుంగలు ఓ పక్కకి లాగేశాడు. మంట మోకాలెత్తుకి దిగింది.

మీసాలుకి కడుపు మండిపోయింది. "ఉన్న మంటా ఆర్పేస్తావా?"

ఆయన వినిపించుకుంటేగా. ముసలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"వేడి తగులుతోందా అమ్మా?"

"మోకాళ్లకి తగులుతోంది నాయనా."

వచ్చి రేకు పైఅంచు బెత్తెడు వెనక్కి వాల్చాడు. మళ్లీ వెళ్లాడు. "ఇప్పుడు?"

"ఆఁ, గుండెల దాకా వచ్చింది."

ఇంకో బెంచీ. "తగులుతోందా?" ఇంకో బెంచీ. "తగులుతోందా?" రేకు ఇటు జరుపు, అటు జరుపు.

"ఎన్నిసార్లు అడుగుతావయ్యా జనాన్ని? నీ మొహానికి తగలట్లేదా?" అన్నాడు మీసాలు.

ఆయన వంగి ఇటుకలు సర్దుతున్నాడు. మీసాలే మళ్లీ అందుకున్నాడు.

"ఈ ఆసుపత్రిలో వేడి సంగతి తెలిసినవాడు ఒక్కడే. పాత బాయిలరు మనిషి. ఆవిరి గొట్టం పగిలితే, కాలిపోతున్న చక్రాన్ని ఒట్టి చేతుల్తో తిప్పి ఆవిరి ఆపేశాడు. పిల్లల వార్డు మొత్తం బతికింది. ఏడడుగుల మనిషట, చేతులు రోకళ్లట."

"నువ్వు చూశావా?"

"నేను చేరకముందు సంగతి. చూస్తే కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ణి."

"ఏడడుగులేనా?"

"ఏడున్నర."

"అబ్బో," అని ఆయన మళ్లీ రేకు పట్టుకున్నాడు.

సాయం పడదామో, లాగిపారేద్దామో, మీసాలు కూడా చెయ్యేశాడు. వేళ్లు చుర్రుమన్నాయి. ఎగిరి మూడడుగులు వెనక పడ్డాడు. బెంచీల వాళ్లు ఫక్కున నవ్వారు.

"నువ్వు మీసాలు కాల్చుకోలేదు, నయం," అంది ముసలమ్మ.

దాంతో మీసాలు ఓపిక కాస్తా అయిపోయింది.

"కాలుతోందని చెప్పొద్దూ? గారడీ చేస్తున్నావా నా దగ్గర? పెద్ద డాక్టరు వచ్చే వేళకి నువ్విక్కడ కనిపించావంటే ఊరుకోను. నడు."

ఆయన తన అరచేతులు ఓసారి తిప్పి చూసుకున్నాడు. "సరే తమ్ముడూ. రేకు మాత్రం కదపకు," అని గేటు దాటి వెళ్లిపోయాడు.

ఏడయింది. పెద్ద డాక్టరు వచ్చాడు. ఒక్కరూ వణకట్లేదు. ముసలమ్మయితే శాలువా మడిచి తలకింద పెట్టుకుని గుర్రు పెడుతోంది. కట్టెల కుప్ప తరగలేదు.

"ఎవరిదీ ఆలోచన?"

మీసాలు మీసం సవరించుకున్నాడు. "ఏదో, నాకు తోచింది సార్."

"గుంట ఉంచు. రోజూ ఇలాగే వెయ్యి."

డాక్టరు అటు వెళ్లాడో లేదో, కట్లు కట్టే నర్సు మందుల పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఇటొచ్చాడా? చేతులు చూపించుకోవటానికి వచ్చి, తన వంతు వచ్చేలోపు చలి కాచుకుంటానన్నాడు."

"ఆ తిక్కమనిషా? తరిమేశా. ఎవరాయన?"

"అయ్యో, మన పాత బాయిలరు మనిషే అన్నా. ఆ చక్రం తిప్పిన రోజు నుంచి చేతులకీ మొహానికీ వేడీ తెలీదు, చలీ తెలీదు. అందుకే పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటాడు, తగులుతోందా అని."