రెండో అంకం

నాటకానికి వెళదామని నెల్లాళ్లు పోరితే, ఆఫీసు పనంటూ దాటేసి, చివరికి ఇవాళ తీసుకొచ్చాడు మా ఆయన. తీసుకొచ్చి ఏం లాభం? రెండో అంకానికి తెర లేచీ లేవగానే గురక. మోచేత్తో పొడిస్తే ఇంకాస్త పెంచాడు. ఆఖరి చప్పట్లకి మాత్రం ఉలిక్కిపడి లేచి, అందరికంటే గట్టిగా కొట్టాడు, సిగ్గులేని మనిషి!

భోజనానికి కూర్చున్న హోటల్లో ఎవరో వయొలిన్ వాయిస్తుంటే చెంచాతో తాళం మొదలెట్టాడు. అదీ తప్పు తాళమే. పైగా నాటకం మీద ఉపన్యాసం.

"ఆఖర్లో ఆ పిల్ల నోరెత్తకుండా ఉంగరం మింగేస్తుంది చూడు, అబ్బ, ఏం నటన!"

నిజమే, మింగేసింది. అప్పుడు ఈయన నా భుజమ్మీద చొంగ కారుస్తున్నాడు.

రుమాలుతో భుజం తుడుచుకుని అడిగాను.

"మొదటిసారి ఎవరితో చూశారు?"

అప్పటికిగానీ చెంచా ఆగలేదు.