అరవై మీటర్లు

2006 నవంబరు 14, మంగళవారం ఉదయం ఏడున్నరకు వేంపల్లె మండలంలోని ఒక చీనీ (బత్తాయి) తోటలో, తవ్వబోయే కాలువకు గుర్తుగా రాయి పాతారు. రాయికి, బోరుకు మధ్య ఎడం నాలుగు అడుగులు.

తోట గిడ్డమ్మది. చెట్లు నూట ఎనభై. అంతకుముందు వేసిన మూడు బోర్లలో నీళ్లు పడలేదు. నాలుగోదాంట్లో పడ్డాయి.

"ఏమప్పా శేషన్నా, ఈ రాయి ఈడ ఏంటికి పాతినావు?"

శేషన్న సర్వేవాళ్ల వెంట తిరిగి రాళ్లు పాతే మనిషి. అదే ఊరు.

"మిషను యాడ చూపిస్తే ఆడ పాతేదే నా పని."

"మిషనుకు కండ్లుండాయి, నీకు లేవా? కాలువ నోటీసులో నా సర్వే నంబరు లేదు. కాలువ వంక పోరంబోకులో, సర్కారు నేలలో పోతాదని రాసినారు. వంక ఆ పక్క గదా ఉండేది."

శేషన్న తూర్పుకు చూశాడు. కంచె అవతల వంక, అంటే వాగు, కనిపిస్తోంది. గొంతు తగ్గించాడు.

"పది దినాలుగా రాళ్లన్నీ ఈ పక్కకే పడతాండాయి. నేను చెప్తే ఎవురు వింటారు? కర్నూల్లో పటం గీసిన ఆఫీసు ఉండాది. పోయి అడుగు. నా పేరు మాత్రం ఎత్తొద్దు."

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు గిడ్డమ్మ కర్నూలు ఆఫీసులో ఉంది. పటం గీసిన తేజేశ్వర్ కంప్యూటరులో దాన్ని తెరిచి చూపించాడు. అడుగున సర్వే నంబర్లతో ఊరి పటం, దాని మీద కాలువ గీత. గీత వంకలోనే ఉంది.

"సరిగ్గానే ఉందమ్మా. మీ తోటకు తగల్లేదు."

"నీళ్లు ఈ డబ్బాలో పారతాయా నాయనా, నేల మీద పారతాయా? నేల మీద రాయి నా బోరు కాడ ఉండాది."

తేజేశ్వర్ రాళ్లు పాతేవాళ్లకు తను పంపిన అంకెల జాబితా తీశాడు.

నేల మీద ప్రతి చోటుకూ రెండు అంకెలుంటాయి. తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అని. ఒకటి ఆరంకెలది, ఇంకొకటి ఏడంకెలది. కాలువను ఒక సాఫ్ట్‌వేర్‌లో డిజైను చేసి, ఇంకొకదాంట్లో పటం గీస్తారు. రెండోదాంట్లో అంత పెద్ద అంకెలకు గీతలు వణుకుతాయి. అందుకని ఆ ఆఫీసులో ఒక అలవాటు. పటానికి పంపేటప్పుడు ప్రతి అంకెలోంచి ఒక మొత్తం తీసేస్తారు. రాళ్లకు పంపేటప్పుడు అదే మొత్తం తిరిగి కలుపుతారు. ఆ మొత్తాన్ని చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటిస్తారు. పని మారితే చీటీ మారుస్తారు.

తూర్పు అంకెలోంచి తేజేశ్వర్ తీసింది 2,24,400. కలిపింది 2,24,340. రెండోది అంతకుముందు పని చీటీ. ఇంకా అంటుకునే ఉంది.

"అరవై మీటర్లు," అన్నాడు. "తప్పు నాదేనమ్మా."

"తప్పయితే దిద్దు. నన్ను ఇంకోసారి ఇంత దూరం తిప్పొద్దు."

అతను లేచి ఆఫీసు పెద్ద ప్రదీప్‌కుమార్ గదిలోకి వెళ్లాడు. జరిగింది చెప్పాడు.

"కాంట్రాక్టరు ఎంతవరకు తవ్వినాడు?" అని అడిగాడు ప్రదీప్‌కుమార్.

"ఆ రాళ్ల వెంబడే రెండు కిలోమీటర్లు సార్."

"ఇంకెవరికైనా చెప్పినావా?"

"ఆమెకే సార్. నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం యాడికీ పోదు. పటంలో ఒకటి, నేల మీద ఒకటి ఉండకూడదు. అంతే గదా? ఫైలు నాకియ్యి, నేను సరిచేస్తా. ఆమెకు జాబు రాసి పంపుతామని చెప్పు."

డిసెంబరు 4న ఆ జాబు గిడ్డమ్మకు వచ్చింది. శేషన్న చదివాడు. కాలువ పూర్తిగా వంక పోరంబోకులో వెళ్తుంది, గిడ్డమ్మ సర్వే నంబరు 312లోకి రాదు అని ఉంది. కింద ప్రదీప్‌కుమార్ సంతకం.

"ఇంకోసారి చదువప్పా."

రెండోసారీ చదివాడు. గిడ్డమ్మ జాబును ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. శేషన్నకు గంప నిండా చీనీకాయలు పోసింది.

"మరి ఆ రాయి పీకేస్తావా?"

"పీకేదానికి ఆర్డరు రావాలక్కా. అంతదాకా దానికీ నీళ్లు పెట్టు, కాస్తాదేమో."

గిడ్డమ్మ నవ్వింది.

2007 జనవరి 9, మంగళవారం ఉదయం పదిన్నరకు తవ్వే యంత్రం కంచె దాటి తోటలోకి వచ్చింది. వెంట సైటు ఇంజనీరు సుధీర్ ఉన్నాడు. గిడ్డమ్మ ఇంట్లోకి ఉరికి జాబు తెచ్చింది.

"చదువు సారూ. గట్టిగా చదువు."

సుధీర్ చదివాడు.

"సరిగ్గానే రాసినారమ్మా. మీ నంబరులోకి మేం రాము."

"మరి ఈడికి ఏంటికి వచ్చినావు?"

"ఇది వంక పోరంబోకు."

"ఏది పోరంబోకు? ఏడేండ్ల కింద నా చేతుల్తో పెట్టిన చెట్లివి. పాసుబుక్కు ఉండాది."

"పాసుబుక్కు 312కు ఉంది. ఇది 312 కాదు." సుధీర్ జీపు మీద పటం పరిచాడు. కింద తేదీ నవంబరు 30. "పోరంబోకులో చెట్లు పెడితే పరిహారం కూడా రాదమ్మా. పక్కకు జరగండి."

"శేషన్నా, నువ్వన్నా చెప్పప్పా. వంక యాడుండాదో చెప్పు."

శేషన్న పటం వైపు చూశాడు. తర్వాత కంచె అవతలికి చూశాడు.

పదకొండు గంటల నలభై నిమిషాలకు బోరు కేసింగు పైపు ఊడి పైకి వచ్చింది. సాయంత్రానికి పడిన చెట్లు నలభై ఆరు.

ఐదు గంటలకు శేషన్న వేంపల్లె నుంచి కర్నూలు ఆఫీసుకు ఫోను చేశాడు. తేజేశ్వర్ సంతకమైన ఫైలు తెరిచి, పాతదాని పక్కన పెట్టుకుని చూశాడు. కొత్తదాంట్లో కాలువకు ఉన్నవి తను నవంబరులో తప్పుగా పంపిన అంకెలే. అయినా గీత వంకలోనే ఉంది; అడుగున ఊరి పటమే పాత చోట లేదు.

ప్రదీప్‌కుమార్ అరవై మీటర్లు జరిపింది ఊరిని.