పాముచేప ఊపిరి

చీకటి పడింది. చేపల ప్రదర్శనశాలలో ఆమె ఒక్కతే మిగిలింది. అక్కడి చేపలను చూసుకునేది ఆమే. పాములా పొడుగ్గా ఉండే ఒక చేపను ఏళ్ల తరబడి సొంత బిడ్డలా సాకింది. పొద్దున అది చచ్చిపోయింది; చేపల డాక్టరు వచ్చి తీసుకెళ్లాడు. ముక్కు ఎగబీలుస్తూనే ఖాళీ తొట్టిని కడిగి తుడిచి, దాని శాస్త్రీయ నామం రాసిన పలకను ఊడదీసింది. పలకను ఏం చేయాలో అడుగుదామని ఆ డాక్టరుకే ఫోన్ చేసింది.

"ఏ పలకమ్మా?"

"అదేనండీ, లెపి... లెపిడో... నాకు నోరు తిరిగి చావదు."

ఆయన నవ్వాడు. "లెపిడోసైరెన్ పారడాక్సా."

ఆ వెంటనే గుళుక్‌మని చప్పుడైంది.

ఊపిరితిత్తులున్న చేప అది. నీటి పైకి వచ్చి గాలి మింగినప్పుడల్లా సరిగ్గా అదే చప్పుడు. ఆమె గిరుక్కున తిరిగి తొట్టిలోకి చూసింది. చుక్క నీళ్లు లేవు. చప్పుడు వచ్చింది ఫోన్లోంచి.

"డాక్టరుగారూ, మా చేప ఎక్కడుందండీ?"

"ఇక్కడే, నా బల్ల మీద, కుళ్లకుండా ఉంచే మందునీళ్ల సీసాలో. మూత నేనే బిగించాను. ఏం?"

"చచ్చిపోయిందని బాగా చూశారా?"

"కోసే చూశానమ్మా. ఊపిరితిత్తులు తీసి పక్కన పళ్లెంలో పెట్టాను."

మళ్లీ గుళుక్‌మంది.

ఈసారి ఆయనా విన్నాడు. అవతల కుర్చీ పడిపోయింది. ఆమె ఫోన్‌ను చెవికి అదుముకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. చివరికి ఆయన గొంతు సన్నగా వినిపించింది.

"అది సీసాలో నోరు తెరిచిందమ్మా. ఇక్కడ... పళ్లెంలోవి ఉబ్బాయి."