గీత పోని కాలిక్యులేటర్

మబేలాలోని పాత సామాన్ల దుకాణంలో లచ్చన్న ఒక జేబు కాలిక్యులేటర్‌ను తిప్పి తిప్పి చూశాడు.

"మా శాంతవ్వ కాడ గిసొంటిదే ఉండె. పోయింది."

"కాలిక్యులేటరా?"

"శాంతవ్వ."

ఇందాక ఆరు రియాళ్లు చెప్పిన దుకాణదారు సుఫియాన్ కళ్లు తుడుచుకున్నాడు.

"యాద్గార్ చీజ్ అన్నా, గుర్తుగ దాచుకునేది! అంకెలల్ల ఒక్క గీత గూడ పోలే. తొమ్మిది రియాళ్లు."

"నోటితోటి గాదు, దీనిమీద కొట్టి చూపియ్యి."

సుఫియాన్ తొమ్మిది నొక్కాడు. పైన కుడిపక్క నిలువు గీత పడక తెర మీద ఐదు కనబడింది.

లచ్చన్న ఐదు రియాళ్లు బల్ల మీద పెట్టాడు.

"నేను కొట్టింది తొమ్మిదన్నా!"

"అయితే ఇది ఖరాబైందా భాయ్?"

పక్కనున్న గిరాకీలు తలలు తిప్పారు.

"తౌబా! కొత్తదాని లెక్క నడుస్తది," అంటూ సుఫియాన్ ఐదూ తీసుకున్నాడు.

"శాంతవ్వది గూడ తొమ్మిదిని ఐదే అనేది," అంటూ లచ్చన్న దాన్ని జేబులో వేసుకున్నాడు.