వంతెన నుంచి జవాబు

"ఇప్పుడు కొట్టండి," రేవు గట్టు మీద తీగల పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని కేకేశాడు సీట్సే.

కిటికీ లోపల కంప్యూటర్ దగ్గరున్న రేవు అధికారిణి హిల్క్యె నాలుగు అక్షరాలు కొట్టింది. "నేను కొట్టిందే మళ్ళీ నా తెర మీదికొచ్చింది. ఇదేం చోద్యమండీ?"

"చోద్యం కాదు, వైద్యం. వంతెనకెళ్ళే తీగ ఊడదీసి, పంపే పిన్నునీ, అందుకునే పిన్నునీ ఇక్కడ చిన్న తీగముక్కతో కలిపాను. మీ మాట నా దాకా వచ్చి మీకే తిరిగొచ్చింది. అంటే మీ కంప్యూటరూ దాని వెనక తీగ గుచ్చే సీరియల్ పోర్టూ మంచివే, ఇక్కడిదాకా తీగా మంచిదే. రోగం అవతలి ముక్కలో ఉంది."

"రోగం ఎక్కడుంటే నాకేం? పదకొండింటికల్లా వంతెన పలక్కపోతే పని పట్నం కంపెనీకి ఇచ్చేస్తాను. మీ వర్క్‌షాపుకి తాళమే. ముందే చెప్పాను, తర్వాత నన్ననొద్దు."

సీట్సేకి ఒళ్ళు మండింది. ఫ్రీస్‌లాండ్‌లోని ఈ చిన్న రేవులో ఇరవై ఆరేళ్ళుగా వంతెన ఎత్తమనే ప్రతి ఆజ్ఞా అతను వేసిన తీగలోంచే వెళ్ళింది. ఇక్కడ ఫోన్ మాట చెల్లదు. ఆజ్ఞ రాతలో వెళ్ళాలి. వంతెన మీది కాపలాదారు వోప్కె దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి కొట్టి పంపాలి. అలా పంపితేనే అందినట్టు లెక్క. మూడు రోజులుగా అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

వంతెన వైపు తీగ చివర చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉంది. "దొరికావురా దొంగా," అనుకుంటూ చాకుతో గీకి, తళతళలాడేదాకా తుడిచాడు.

"రెండు నిమిషాలే ఉన్నాయి," అంది హిల్క్యె కిటికీలోంచి.

సీట్సే పెట్టె మూత దభాలున వేసి లోపలికి పరిగెత్తాడు. గోడ ఫోన్ అందుకుని, "వోప్కే, పరీక్ష పంపుతున్నాం. మిషన్ ముందు నుంచి లేచావంటే ఊరుకోను," అని పెట్టేశాడు.

హిల్క్యె కొట్టింది: తెల్ల పడవకు వంతెన ఎత్తండి.

వేలు తీసేలోపే తెర మీద జవాబు వచ్చింది: తెల్ల పడవకు వంతెన ఎత్తండి.

"ఇంత తొందరగానా?"

"వోప్కె అంటే ఏమనుకున్నారు? ఆ వేళ్ళకి కళ్ళుంటాయి," అన్నాడు సీట్సే మీసం దువ్వుకుంటూ.

ఆవిడకి నమ్మకం చిక్కలేదు. ఈసారి కొట్టింది: వోప్కే, నీ కాఫీ చల్లారిందా?

అదీ అలాగే తిరిగొచ్చింది: వోప్కే, నీ కాఫీ చల్లారిందా?

హిల్క్యె పకపకా నవ్వింది. "ప్రశ్నకి జవాబు చెప్పడేం ఈ మనిషి?"

"ఎందుకు చెప్తాడండీ? రాతలో వచ్చింది ఏదైనా సరే తిరిగి కొట్టడమే నియమం. కాఫీ కబుర్లు పెట్టుకోడు. పట్నం కంపెనీలో ఇలాంటి మనిషిని చూపించండి, చూద్దాం."

"ఒప్పుకున్నాను బాబూ, ఒప్పుకున్నాను." పట్నం కంపెనీకి రాసిపెట్టుకున్న ఉత్తరాన్ని ఆవిడ అడ్డంగా చింపి బుట్టలో పడేసింది. "మరో పదేళ్ళు ఈ తీగ మీదే. రండి, నారింజ కేకు తిందురుగాని."

సీట్సే ఛాతీ రెండింతలైంది. వర్క్‌షాపు నిలబడింది, తన మాటా నిలబడింది. గులాబి పూతా పైన వెన్నా ఉన్న కేకు ముక్క నోట్లో పెట్టుకుని, ఇరవై ఆరేళ్ళ కష్టాన్నీ మొదటి తీగ వేసిన చలికాలం నుంచి ఏకరువు పెట్టాడు. హిల్క్యె రెండో ముక్క కూడా వడ్డించి మరీ విన్నది.

ఫోన్ మోగింది. దగ్గరున్న హిల్క్యె తీసి, ఇద్దరూ వినేలా స్పీకర్ నొక్కింది.

"సీట్సే, నా మిషన్‌కి ఇంకా ఒక్క అక్షరమూ రాలేదు. ఆ పరీక్ష ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాడు వోప్కె.