చిన్న సీసా

బల్ల మీద పెద్ద ప్లాస్టిక్ జగ్గు. అందులో పేగులు కడిగే మందు, మూతి దాకా.

ఆయన రెండు గ్లాసులు తాగి, మూడోది చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఇది మందటే? సముద్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు.”

“రేపు పొద్దున్న కెమెరా పెట్టి చూడాలంటే పేగు అద్దంలా ఉండాలట. కళ్లు మూసుకుని తాగేయండి.”

“కళ్లు మూసుకుంటే రుచి తెలీదా?”

అంటూనే కళ్లు మూసుకుని తాగాడు. తాగినదంతా బకెట్లో కక్కేశాడు.

ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. కిడ్నీలు సగం పని మానేసి చాలా కాలమైంది. బకెట్ మీదకి వంగిన ఆ వీపుని భార్య నిమిరింది.

అలమరలో చిన్న సీసా ఉంది. నిరుడు ఆమెకి ఇదే పరీక్ష చేసినప్పుడు మిగిలిపోయింది. నీళ్లలో కలుపుకుని నాలుగు గుక్కల్లో తాగేయొచ్చు. ఆమె తాగింది, ఏమీ కాలేదు.

తలనొప్పి మాత్రయినా, దగ్గు మందయినా పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకటే. ఒకరికి పడింది రెండోవాళ్లకి పడకపోవడం ఏనాడూ లేదు.

దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, సీసాలోదంతా కలిపి ఇచ్చింది.

జగ్గులోది సింకులో వంపేసింది. కోడలు ఆఫీసు నుంచి వచ్చి చూసిందంటే ఊరుకోదు.

మధ్యాహ్నమంతా ఆయన మంచానికీ బాత్రూముకీ మధ్య తిరిగాడు. మందు పనిచేస్తోందని ఆమె స్థిమితపడింది.

ఒకసారి తిరిగొస్తూ గుమ్మంలో ఆగి, గోడకి ఒదిగి నిలబడ్డాడు. ఎవరికో దారి ఇస్తున్నట్టు.

“ఎవరికోసమండీ?”

“వెళ్లనీ” అన్నాడు మెల్లగా.

ఆయన వచ్చి పడుకున్నాడు. అవతల బాత్రూము తలుపు నెమ్మదిగా మూసుకుంది.

గాలి అయ్యుంటుంది.

కాసేపటికి ఆయన మూతి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“చీమలు పాకుతున్నాయే. దులుపు.”

లైటు వేసి చూసింది. చీమ అన్నది లేదు. వేలితో తాకితే పెదవి అదురుతోంది.

పొద్దువాలేసరికి కుడిచేతి వేళ్లన్నీ ఒక్కచోటికి చేరి బిగుసుకున్నాయి. ఆమె విప్పబోయింది. రాలేదు.

“ఆవిడ పట్టుకుంది” అన్నాడు. “వదలడం లేదు.”

“ఏ ఆవిడ?”

ఆయన ఆమె భుజం మీదుగా చూసి, కొత్తగా వచ్చిన చుట్టానికి ఊపినట్టు మర్యాదగా తల ఊపాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

వీధి తలుపు చప్పుడైంది. వంటింట్లోంచి కోడలి గొంతు.

“అత్తయ్యా! జగ్గు మొత్తం లాగించేశారే మామయ్య! సగం కూడా తాగరని పందెం కాశాను, కొంప ముంచేశారు!”

గదిలోకి వచ్చి, ఆ చెయ్యి చూసి నవ్వు ఆపేసింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పింది.

“జగ్గు మందు మొత్తం తాగారా?” అడిగింది నర్సమ్మ.

“చుక్క మిగల్చలేదండీ” అంది కోడలు.

“కిడ్నీల సంగతి తెలిసే డాక్టరుగారు అది రాశారు. దానివల్ల మామూలుగా ఇలా అవదు, నీరసం అయ్యుంటుంది. కాసేపు పడుకోనివ్వండి. తగ్గకపోతే మళ్లీ చెయ్యండి.”

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. సీసా కాగితంలో చుట్టి, చెత్తబుట్ట అడుగున ఉంది.

మేలు చేద్దామని చాచిన చేతిని దేవుడు ఎందుకు పట్టి ఆపలేదో.

కోడలు ఫోన్ పెట్టేయబోయింది.

“ఉంచమ్మా” అందామె. “ఆయన తాగింది జగ్గులోది కాదు. నా సీసాలోది. నిరుటిది.”

 అవతల నర్సమ్మ గొంతు మారిపోయింది.

“కిడ్నీ జబ్బున్నవాళ్లకి అది ఇవ్వకూడదమ్మా! అందులోని ఉప్పు బయటికి పోక ఒంట్లోనే ఉండిపోతుంది. గుండె మీదకి వస్తుంది. అంబులెన్సు పంపిస్తున్నాను, తలుపు తీసి ఉంచండి.”

 కోడలు వీధిలోకి పరిగెత్తింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె మంచం అంచున, ఆయనకి ఆనుకుని కూర్చుంది. ఏ పేరు పెట్టి దేవుణ్ణి పిలవబోయినా నోట్లో సగంలోనే ఆగిపోతోంది.

ఆయన కళ్లు తెరిచాడు.

“కాస్త జరుగు” అన్నాడు. “ఆవిడ ఇందాకట్నుంచీ నిలబడే ఉంది.”

ఆమె జరగలేదు.