భూమి బరువు, కెజియా బరువు

బరువు పెరిగితేనే ఆపరేషన్ అన్నారు నెల్లూరు డాక్టర్లు. తూకం గది ముందు కూర్చుని, కోట హైస్కూల్లో సైన్సు చెప్పే నా కూతురు కెజియా నవ్వింది.

"భూమికే తూకమేసినారు నాయనా. నేనెంత!"

"ఏ కాటాలో పెట్టినారంట?" మండిపడ్డాను. "కొండలను త్రాసుతో తూచినవాడు యెహోవా ఒక్కడే!"

"కాటా ఎందుకు? చంద్రుడు ఎంత దూరంలో, ఎంత వేగంగా తిరుగుతున్నాడో చూస్తే భూమి లాగుడు తెలుస్తుంది. దాన్నిబట్టి బరువు లెక్కగడతారు. నీ దేవుడేం కోప్పడడులే."

నర్సు పిలిచింది. కెజియా గోడ పట్టుకుని కాటా ఎక్కింది.

"మళ్లీ తగ్గింది అయ్యగారూ."

ఊరూరా గొంతు చించుకుని వాక్యం చెప్పినవాణ్ణి. చంకలోని బైబిలు తీసి కూతురి చేతుల్లో పెట్టాను.

"ఇప్పుడు చూడమ్మా" అన్నాను నర్సుతో.